ర్యూజో 1/700 కిట్: మన తీరానికి వచ్చిన జపాన్ విమానవాహక నౌకను మోడల్‌గా చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కాకినాడలో పుట్టి పెరిగాను. మా అమ్మమ్మ ఎవరి వయసైనా లెక్కగట్టాలంటే "బాంబులేసిన ఏటికి వాడు పుట్టాడా, ఇంకా పుట్టలేదా?" అని అడిగేది. ఆ బాంబులు వేసిన విమానాలు ఏ ఓడ మీంచి లేచాయో నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలిశాక ఆ ఓడ ప్లాస్టిక్ కిట్ దొరుకుతుందని కూడా తెలిసింది. ఇప్పటికి రెండు చేశాను. మొదటిదాంట్లో చేసిన తప్పులు రెండోదాంట్లో దిద్దుకున్నాను. మిత్రులూ, వాళ్ల పిల్లలూ, ఈ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఇన్ని ఓడలుండగా ర్యూజోనే ఎందుకు? అందరూ యమాటో చేస్తారు కదా?

జపాన్ భారీ యుద్ధనౌక యమాటో గొప్ప ఓడే, దాని కిట్లు కూడా బాగుంటాయి. కానీ మనకు దానితో ఏ సంబంధమూ లేదు. ర్యూజోతో ఉంది. 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన విమానాలు ఈ ఓడ డెక్ మీంచి లేచినవే. తెలుగు నేల మీద రెండో ప్రపంచయుద్ధం నేరుగా పడిన రోజు అది. పడిన బాంబులు తక్కువే, కానీ భయం మాత్రం చాలా దూరం పాకింది. విశాఖలో జనం ఇళ్లకు తాళాలు వేసి లోపలి పల్లెలకు వెళ్లిపోయారు. మద్రాసు కూడా సగం ఖాళీ అయింది. అప్పటి బాంబు తొడుగు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. మోడల్ మొదలుపెట్టే ముందు వీలైతే వెళ్లి చూసి రండి. డెక్ మీద అతికించే పదిహేను మిల్లీమీటర్ల విమానం అసలు ఏం మోసుకొచ్చిందో అప్పుడు బాగా తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఈ ఓడ 1933 మే 9న జపాన్ నౌకాదళంలో చేరింది. అదే ఏడాది డిసెంబరులో విశాఖ పోర్టు ప్రారంభమైంది. అంటే రెండింటికీ ఒకటే వయసు.

కొలంబో మీద దాడి చేసిన పెద్ద దళమే వైజాగ్‌కి కూడా వచ్చిందంటారు. నిజమేనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఆ వారం హిందూ మహాసముద్రంలో జపాన్ దళాలు రెండు తిరిగాయి. అడ్మిరల్ నాగుమో నడిపిన దళంలో అకాగి, సోర్యూ, హిర్యూ, షోకాకు, జుయికాకు అనే ఐదు పెద్ద విమానవాహక నౌకలు ఉన్నాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది ఆ దళమే. బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మీస్‌ను ముంచింది కూడా అదే.

బంగాళాఖాతంలోకి వచ్చినది వేరే దళం, అడ్మిరల్ ఒజావా జిసబురో నడిపినది. అందులో ఉన్న విమానవాహక నౌక ర్యూజో ఒక్కటే. దానితోపాటు చోకాయ్, కుమానో, సుజుయా, మికుమా, మొగామి అనే భారీ క్రూజర్లు, యురా అనే తేలికపాటి క్రూజర్, కొన్ని డిస్ట్రాయర్లు వచ్చాయి. అంతకు రెండు వారాల ముందే, మార్చి 23న, జపాన్ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌ను పట్టుకుంది. ఆ అండతో ఈ దళం మన తీరం పొడవునా సరకు ఓడల్ని వేటాడింది. మొత్తం 23 వ్యాపార నౌకలు మునిగాయి, వాటిలో ఎక్కువ భాగం ఏప్రిల్ 6 ఒక్కరోజునే. ఊళ్ల మీద పడిన బాంబుల కంటే సముద్రం మీద జరిగిన నష్టమే చాలా పెద్దది. దాన్ని మనం సరిగ్గా గుర్తుపెట్టుకోలేదని నాకు అనిపిస్తుంది.

ఓడ చూడ్డానికి వింతగా ఉంది. పైన పెద్ద పెట్టె, కింద సన్నటి ఒళ్లు. కిట్‌లో తప్పా?

తప్పేమీ కాదు, అసలు ఓడే అలా ఉండేది. కారణం తెలిస్తే మోడల్ మీద ప్రేమ పెరుగుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1922 వాషింగ్టన్ ఒప్పందం ఒక్కో దేశానికీ విమానవాహక నౌకల మొత్తం బరువు ఇంత మించకూడదని గీత గీసింది. అయితే 10,000 టన్నులకు లోపు ఉన్నవి ఆ లెక్కలోకి రావు. దాంతో జపాన్ 8,000 టన్నుల చిన్న ఓడ కట్టాలనుకుంది. 1929 నవంబరులో యోకోహామాలో పని మొదలైంది. పని సగంలో ఉండగా 1930లో లండన్ ఒప్పందం వచ్చి ఆ వెసులుబాటు తీసేసింది. ఇక చిన్న ఓడ వల్ల లాభం లేదు, కనీసం దాని మీద ఎక్కువ విమానాలైనా పట్టాలి అనుకుని హ్యాంగర్ (విమానాలు ఉంచే అంతస్తు) మీద ఇంకో హ్యాంగర్ పెట్టారు. 48 విమానాలు పట్టే ఓడ తయారైంది కానీ పైబరువు ఎక్కువైపోయింది.

1934 మార్చిలో తోమోజురు అనే చిన్న యుద్ధనౌక తుపానులో బోర్లా పడింది. దాంతో జపాన్ నౌకాదళం తన ఓడలన్నిటి నిలకడనూ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ర్యూజో పక్కల్లో ఉబ్బెత్తు గదులు కట్టారు, అడుగున బరువు చేర్చారు, ఆరు జంట 127 మి.మీ. ఫిరంగుల్లో రెంటిని తీసేశారు. 1935 సెప్టెంబరులో మరో పెద్ద తుపాను వచ్చింది. అందులో దెబ్బ తిన్నాక 1936లో ముందుభాగాన్ని ఒక అంతస్తు ఎత్తు పెంచారు. కిట్‌లో ముక్కు అంత నిటారుగా లేచి ఉండేది అందుకే.

విమానాలు లేచే, దిగే పై డెక్ (ఫ్లైట్ డెక్) మీద చిన్న గది కూడా ఉండదు. ఓడ నడిపే బ్రిడ్జి డెక్ ముందు అంచు కింద, అర్ధచంద్రాకారంలో అద్దాల వరసతో ఉంటుంది. నా దృష్టిలో మోడల్ అంతటిలో అందమైన చోటు అదే. పొగ గొట్టాలు రెండూ కుడివైపు బయటికి వచ్చి కిందికి వంగి ఉంటాయి.

ఏ కిట్ కొనాలి? 1/700 అంటే ఎంత పొడుగు ఉంటుంది?

అసలు ఓడ పొడవు దాదాపు 180 మీటర్లు. 1/700లో, అంటే ఏడువందల వంతులో, అది 25.7 సెంటీమీటర్లు అవుతుంది. మామూలు పుస్తకాల అరలో సులువుగా పట్టేస్తుంది. నేను రెండుసార్లూ అఓషిమా వారి 1/700 కిట్టే చేశాను. వాటర్‌లైన్ రకం అంటే నీటి మట్టం దగ్గర కోసినట్టు, కింద చదునుగా ఉండే ఓడ. బల్ల మీద పెడితే సముద్రం మీద ఉన్నట్టే కనిపిస్తుంది.

ఈ వాటర్‌లైన్ కిట్ల వెనక మంచి కథ ఉంది. 1971లో షిజుఓకాకు చెందిన తమియా, హసెగావా, అఓషిమా, ఫుజిమి కంపెనీలు కూర్చుని, ఒకే ఓడను అందరూ చేయకుండా జపాన్ నౌకాదళాన్ని పంచుకున్నాయి. అన్నీ ఒకే స్కేలు, ఒకే తరహా. 1992లో ఫుజిమి బయటికి వెళ్లిపోయి సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టింది. ఇలా పంచుకోవడం వల్లే పెద్దగా పేరులేని ఓడలకు కూడా కిట్లు వచ్చాయి. ఒజావా దళంలోని చోకాయ్, మొగామి లాంటివన్నీ ఇదే స్కేలులో దొరకడానికి కారణం కూడా అదే.

కొనేటప్పుడు పెట్టె మీద ఏ సంవత్సరం రాసి ఉందో తప్పకుండా చూడండి. ఈ ఓడ రూపం మూడుసార్లు మారింది. మన తీరానికి వచ్చిన ఓడ కావాలంటే 1936 మార్పుల తర్వాతిదై ఉండాలి. ఆరు జంట ఫిరంగులు, తక్కువ ఎత్తు ముక్కు కనిపిస్తే అది 1933 నాటి రూపం, మనకు పనికిరాదు.

పెట్టె మీద "1942 సోలమన్ యుద్ధం" అని ఉంది. దాన్ని 1942 ఏప్రిల్ ఓడగా చేయాలంటే ఏం మార్చాలి?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. పసిఫిక్‌లోని సోలమన్ దీవుల దగ్గర ఆ యుద్ధం ఆగస్టు నెలలో జరిగింది. ఏప్రిల్‌కీ ఆగస్టుకీ మధ్య ఓడలో రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి.

ఒకటి, విమానాలు. మన తీరానికి వచ్చినప్పుడు ఓడ మీద ఉన్న ఫైటర్లు జీరోలు (జపాన్ పేరుమోసిన ఫైటర్ విమానాలు) కావు. అవి 96 రకం ఫైటర్లు, జీరో కంటే ముందు తరానివి. వాటి చక్రాలు లోపలికి ముడుచుకోవు, చక్రాలకు గుండ్రటి తొడుగులు ఉంటాయి. పైలట్ తల మీద మూత ఉండదు. ఏప్రిల్ 23న ఓడ జపాన్‌లోని కురే రేవుకు తిరిగి వెళ్లాకే జీరోలు వచ్చాయి. కాబట్టి పెట్టెలో జీరోలు వస్తే వాటిని పక్కన పెట్టండి. 1/700 విమానాల ప్యాకెట్లు విడిగా అమ్ముతారు, అందులో 96 రకం ఉన్న ప్యాకెట్ చూసుకోండి. బాంబులు మోసిన 97 రకం విమానాలు మాత్రం రెండు నెలల్లోనూ ఉన్నాయి.

రెండు, చిన్న గన్లు. అదే కురే రేవులో ఏప్రిల్, మే నెలల్లో డెక్ అంచున ఉన్న తేలికపాటి 13 మి.మీ. మెషిన్‌గన్లు తీసి మూడు గొట్టాల 25 మి.మీ. గన్లు పెట్టారు. ఆగస్టు కిట్‌లో ఆ 25 మి.మీ. గన్లే ఉంటాయి. ఏప్రిల్ ఓడకు ఆ స్థానాల్లో చాలావాటిలో నాలుగు గొట్టాల 13 మి.మీ. గన్లు ఉండాలి. నా మొదటి మోడల్‌లో ఇది తెలియక పెట్టెలో ఉన్నవే అతికించేశాను. రెండోసారి విడిగా దొరికే చిన్న ఆయుధాల సెట్ కొని మార్చాను. మార్చకపోతే ఎవరైనా కనిపెడతారా? బహుశా కనిపెట్టరు. కానీ కాకినాడ మీదికి విమానాలు పంపిన ఓడ అని కింద చీటీ పెట్టాలంటే ఆ ఓడే అయి ఉండాలని నా పట్టుదల.

నాకిది మొదటి ఓడ. చేయగలనా?

చేయగలరు. కానీ ఇదే మొదటి కిట్ కాకుండా చూసుకోండి. ముందు అదే స్కేలులో ఒక డిస్ట్రాయర్ చేయండి. భాగాలు తక్కువ, ధర తక్కువ, పదిహేను సెంటీమీటర్ల పైచిలుకు ఓడ. ఒకటి పూర్తయితే చేతికి ఓర్పు అలవాటవుతుంది. ఆ తర్వాత ర్యూజో మొదలుపెట్టండి. పన్నెండేళ్ల పిల్లలు కూడా చేస్తారు, పక్కన పెద్దవాళ్లు ఉంటే చాలు.

ఏం పనిముట్లు కావాలి?

మంచి నిప్పర్ (ముక్కలు కత్తిరించే చిన్న కటింగ్ ప్లయర్) ఒకటి, కొత్త బ్లేడున్న హాబీ కత్తి, సన్నటి మొనల ట్వీజర్స్, 400 నుంచి 1000 వరకు సాండ్‌పేపర్, సున్నా నంబరు బ్రష్షులు రెండు, మాస్కింగ్ టేప్. నీళ్లలా పలచగా ఉండే ప్లాస్టిక్ సిమెంట్ ఒక సీసా. దీని పని ఫెవిక్విక్ చేయలేదు. ప్లాస్టిక్ సిమెంట్ రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, ఫెవిక్విక్ మధ్యలో పొరలా ఉండి తెల్లటి పొగ మచ్చ వదులుతుంది. లోహపు భాగాలకు మాత్రం ఫెవిక్విక్కే వాడాలి.

నిప్పర్ దగ్గర పొదుపు చేయకండి. చవకది ముక్కను కోయదు, నలుపుతుంది. ఒక మిల్లీమీటరు గన్ గొట్టం అలా నలిగిపోతే మళ్లీ రాదు.

విదేశాల నుంచి కిట్ తెప్పించుకునేటప్పుడు సిమెంట్, స్ప్రే డబ్బాలు అదే పార్సిల్‌లో అడగకండి. అవి మంటలంటుకునే వస్తువులు కాబట్టి విమానంలో పంపడానికి చాలామంది ఒప్పుకోరు. వాటిని ఇక్కడే కొనుక్కోవడం మంచిది. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి. ఒకసారి నా పెట్టె నెలకు పైగా ఎక్కడో ఆగిపోయి, నలిగి వచ్చింది. ఫ్లైట్ డెక్ వంకర పోయింది. వేడినీళ్లలో ముంచి, చదునైన గాజు పలక మీద బరువు పెట్టి సరిచేశాను. నీళ్లు మరగకూడదు, వేలు పెట్టలేనంత వేడి చాలు.

ఇన్‌స్ట్రక్షన్ షీట్‌లో ఉన్న వరసలోనే చేయాలా?

వద్దు. షీట్ అతికించే వరస చెబుతుంది, రంగు వేసే వరస చెప్పదు. విమానవాహక నౌకలో ఈ తేడా చాలా ముఖ్యం. ఫ్లైట్ డెక్ అతికించాక దాని కింద ఉన్న ముందుభాగపు డెక్, బ్రిడ్జి కిటికీలు, వెనక స్తంభాలు బ్రష్‌కు అందవు. నా మొదటి మోడల్‌లో ఆ తప్పు చేసి, వెనక డెక్ సగం బూడిదరంగు, సగం పచ్చి ప్లాస్టిక్ రంగుతో మిగిలిపోయింది.

నేను ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. ముందు హల్ (ఓడ ఒళ్లు) రెండు సగాలు, అడుగు పలక, లోపల బరువు కోసం కిట్‌లో వచ్చే లోహపు కడ్డీ బిగిస్తాను. అతుకు గీత కనిపించకుండా సాండ్‌పేపర్ పట్టి, కింది డెక్‌లకు గోధుమరంగు వేసి, దాని మీద వేరే రంగు పడకుండా టేప్‌తో మాస్క్ చేస్తాను. తర్వాత హ్యాంగర్ గోడలు, బ్రిడ్జి. అప్పుడు హల్ అంతటికీ బూడిదరంగు. ఫ్లైట్ డెక్‌ను విడిగా, పూర్తిగా, డికాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తులు)తో సహా ముగిస్తాను. గన్లు, పడవలు ఫ్రేమ్ (కిట్ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదే ఉంచి రంగు వేస్తాను. అన్నీ ఆరాక ఫ్లైట్ డెక్ చివర్లో కూర్చోబెడతాను. దానికి ముందు జిగురు లేకుండా మూడు నాలుగుసార్లు పెట్టి చూస్తాను. ముందు స్తంభాలు అర మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా డెక్ వెనక లేచిపోతుంది.

ఏ రంగులు వాడాలి?

జపాన్ నౌకాదళపు బూడిదరంగు ఒకటి కాదు. ప్రతి నౌకా నిర్మాణ కేంద్రం తన రంగు తాను కలుపుకునేది. కురేది ఒకటి, ససేబోది ఒకటి, మైజురుది ఒకటి. తమియా రంగు సీసాల్లో కురే రంగు నంబరు ఎక్స్‌ఎఫ్-75, ససేబో రంగు నంబరు ఎక్స్‌ఎఫ్-77. నేను కురే బూడిదరంగు వేశాను. అయితే సీసాలోంచి తీసినట్టే వేస్తే ఇంత చిన్న ఓడ మీద మరీ నల్లగా కనిపిస్తుంది. పది వంతులకు ఒక వంతు తెలుపు కలపండి.

ఫ్లైట్ డెక్ చెక్కది. ఎక్స్‌ఎఫ్-78 వేసి, ఆరాక అక్కడక్కడ ఒక పలకకు కొంచెం ముదురు, ఇంకోదానికి కొంచెం లేత రంగు సన్నగా అద్దండి. అన్ని పలకలూ వేర్వేరు రంగుల్లో చేస్తే గళ్ల దుప్పటిలా ఉంటుంది. కింది డెక్‌లకు పరిచింది లినోలియం అనే మందపాటి షీటు. దానికి ఎక్స్‌ఎఫ్-79 గోధుమరంగు. లినోలియం అతుకుల మీద ఇత్తడి పట్టీలు ఉండేవి. కిట్‌లో సన్నటి గీతలుగా ఉబ్బి కనిపించేవి అవే. వాటి మీద పెన్సిల్ మొన తేలిగ్గా రుద్దితే చాలు.

మన ఉక్కపోతలో రంగులు సరిగ్గా ఆరవు. ఏం చేయాలి?

తీరంలో ఉండేవాళ్లందరి బాధ ఇది. ఎండాకాలంలో యాక్రిలిక్ బ్రష్ మీదే ఎండిపోతుంది, గీతలు పడతాయి. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ రెండు మూడు చుక్కలు కలిపి, తెల్లవారుజామున పని చేయండి. ఫ్యాన్ కింద అస్సలు వద్దు. వానాకాలంలో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. లాక్కర్ స్ప్రే కొట్టినప్పుడు గాలిలోని తేమ పొర మీద చేరి తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. రెండో మోడల్‌కి మ్యాట్ వార్నిష్ వాన పడుతున్న రోజు కొట్టాను. ఆరునెలల పని కళ్లముందే తెల్లబడింది. ఆ రోజు నాకు వచ్చిన టెన్షన్ ఇంకా గుర్తుంది. పొడి రోజు దాకా ఆగి పలచగా అదే వార్నిష్ మళ్లీ కొడితే చాలావరకు పోయింది. ఇప్పుడు నేను చివరి పొరలన్నీ డిసెంబరు, జనవరి నెలలకు అట్టేపెట్టుకుంటాను.

డికాల్స్ అతికించినచోట వెండిలా మెరుస్తోంది. ఎందుకు?

గరుకు రంగు మీద నేరుగా పెట్టారు. డికాల్ కింద గాలి చిక్కుకుంది. ముందు ఆ చోట మెరిసే (గ్లాసీ) వార్నిష్ వేసి, పూర్తిగా ఆరాక డికాల్ పెట్టండి. మెత్తబరిచే ద్రావణం చుక్క వేస్తే చెక్క గీతల్లోకి దిగుతుంది. ఫ్లైట్ డెక్ వెనక అంచున ఎరుపు, తెలుపు చారలుంటాయి. దిగే పైలట్‌కు అంచు ఎక్కడో తెలియడానికి అవి. కొంచెం వంకర పోయినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి అక్కడ తొందరపడకండి.

విమానాలు డెక్ మీద ఎన్ని, ఎలా పెట్టాలి?

96 రకం రెక్కల వెడల్పు 1/700లో 16 మిల్లీమీటర్లు, 97 రకానిది 22. రంగు వేయడానికి ప్రతిదాన్నీ ఒక పుల్ల చివర డబుల్ టేప్‌తో నిలబెట్టండి. 96 రకానికి లేత బూడిదరంగు, ముక్కు నల్లగా. 97 రకానికి పైన ముదురు ఆకుపచ్చ, కింద లేత బూడిద.

అన్నీ డెక్ మీద పేర్చేయాలనిపిస్తుంది, కానీ వద్దు. విమానాల్ని హ్యాంగర్‌లోంచి పైకి తెచ్చే లిఫ్టులు ఈ ఓడకు రెండున్నా, వెనకది మరీ చిన్నది. అప్పటి విమానాల్లో రెక్కలు మడిచిన 97 రకం తప్ప వేరేది దాంట్లో పట్టేది కాదు. దాదాపు ఒక్క లిఫ్టుతో నడిచిన ఓడ ఇది. ఒకేసారి పెద్ద గుంపును పైకి తేవడం కష్టం. ఆరేడు విమానాలు వెనక భాగంలో, ఎగరడానికి సిద్ధంగా పెట్టండి. ఒకదాన్ని రెక్కలు మడిచి వెనక లిఫ్టు దగ్గర పెడితే తెలిసినవాళ్లు చూడగానే గుర్తుపడతారు. డెక్ పక్కనున్న రేడియో స్తంభాలను అప్పుడు బయటికి వాల్చి అతికించాలి. విమానాలు ఎగిరేటప్పుడు అవి నిటారుగా ఉండవు.

ఫోటో-ఎచ్ భాగాలు (పలచటి లోహపు రేకుతో చేసిన సన్నటి ముక్కలు) తప్పనిసరా?

కాదు. మొదటిసారి వద్దే వద్దు. రెండోసారి రెయిలింగ్ ఒక్కటి తీసుకోండి, ఓడ రూపం మారిపోతుంది.

స్తంభాల మధ్య తీగలు దేనితో వేస్తారు?

కిట్ ఫ్రేమ్ ముక్కనే. కొవ్వొత్తి మంటకు కాస్త పైన పట్టుకుని, మెత్తబడగానే పక్కకు తీసి రెండు చేతులతో మెల్లగా లాగండి. తలవెంట్రుకంత సన్నటి తీగ వస్తుంది. పది లాగితే రెండు బాగా వస్తాయి, అది మామూలే. చివర్లకు జిగురు అద్ది అతికించాక, కాల్చిన అగరబత్తి మొన దగ్గరగా పెడితే తీగ బిగుసుకుంటుంది. తాకితే తెగుతుంది. కిటికీలు తెరిచి చేయండి.

సముద్రం ఏ రంగు వేయాలి?

అందరూ ముదురు నీలం వేస్తారు. బంగాళాఖాతాన్ని రోజూ చూసినవాళ్లకు అది ఒప్పదు. కాకినాడ దగ్గర, హోప్ ఐలాండ్ లోపల నీళ్లు గోదావరి మట్టితో బురదరంగు. బయటికి పోయేకొద్దీ ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. ర్యూజో తీరానికి చాలా దూరంలో ఉంది కాబట్టి నీలమే సరి, కానీ అందులో ఆకుపచ్చ కలపండి. వాటర్‌కలర్ వేసే గరుకు కాగితాన్ని తడిపి, ఫెవికాల్‌తో చెక్క మీద అతికిస్తే చిన్న అలలు వాటంతట అవే వస్తాయి. రంగు వేశాక పైన మెరిసే వార్నిష్ నాలుగు పొరలు. విమానాలు ఎగరేటప్పుడు ఓడ గాలికి ఎదురుగా వేగంగా పోతుంది, దీని గరిష్ఠ వేగం 29 నాట్లు. కాబట్టి ముక్కు దగ్గర, వెనక దారిలో తెల్లటి నురగ బాగా వేయండి. నురగకు నేను దూది పోగులు, తెల్ల యాక్రిలిక్ జెల్ వాడతాను.

మన ఊళ్ల మీద బాంబులు వేసిన ఓడ. దాన్ని ముచ్చటగా చేసి ఇంట్లో పెట్టుకోవడం సరైనదేనా?

మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇదే అడిగారు. నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ ఓడను పొగడ్డానికి నేను చేయడం లేదు. ఎనభై ఏళ్ల కిందట మా ఊరి జనం బండ్లు కట్టుకుని పిల్లల్ని ఎత్తుకుని పారిపోయింది దేనికి భయపడో అది ఇరవై ఆరు సెంటీమీటర్లలో నా బల్ల మీద ఉంది. పిల్లలు వచ్చి చూసి "ఇదేంటి?" అని అడుగుతారు, అప్పుడు ఆ సోమవారం సంగతి చెబుతాను. ఓడ లేకపోతే వాళ్లు ఆ ప్రశ్న అడగరు.

పదహారు కిరణాల జెండా డికాల్ పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఆ జెండా కింద కష్టాలు పడిన ప్రజలు ఆసియాలో చాలామంది ఉన్నారు, అండమాన్‌లో మనవాళ్లు కూడా. నేను పెట్టలేదు.

ఆ తర్వాత ఓడ ఏమైంది?

జూన్‌లో అలాస్కా వైపు వెళ్లి డచ్ హార్బర్ మీద దాడి చేసింది. ఆ రోజు దాని జీరో ఒకటి అకుటాన్ దీవిలో చిత్తడి నేల మీద దిగబోయి తిరగబడింది. పైలట్ కోగా తదయోషి చనిపోయాడు. విమానం మాత్రం పెద్దగా పాడవలేదు. అమెరికన్లు దాన్ని తీసుకెళ్లి, బాగుచేసి, ఎగరేసి జీరో బలహీనతలన్నీ తెలుసుకున్నారు. 1942 ఆగస్టు 24న తూర్పు సోలమన్ దీవుల దగ్గర అమెరికన్ విమానవాహక నౌక సారటోగా విమానాలు ర్యూజోను ముంచేశాయి. మన తీరానికి వచ్చి అప్పటికి ఐదు నెలలు కూడా నిండలేదు.

పక్కన ఇంకేమైనా మోడల్ పెట్టొచ్చా?

పెట్టండి, కానీ ఇంకో యుద్ధనౌక వద్దు. ఒక సరకు ఓడ పెట్టండి. ఆ రోజు మునిగినవాటిలో మాల్డా, ఇండోరా, ఆటోలైకస్, డార్డనస్ లాంటి ఓడలున్నాయి. మాల్డా బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ. ఆ కంపెనీ ఓడల్లో బొగ్గు వేసింది, తాళ్లు లాగింది, వంట చేసింది ఎక్కువగా మనదేశపు లస్కర్లే (ఓడ కూలీలు, నావికులు). వాళ్ల పేర్లతో కిట్ పెట్టెలు రావు. నేను ఒక పాత సరకు ఓడ కిట్ తీసుకుని, పొగ గొట్టాన్ని నల్లగా మార్చి, దాని మీద రెండు తెల్ల పట్టీలు గీశాను. అవి ఆ కంపెనీ గుర్తు. కొలతలు మాల్డావి కావు, అందుకే పేరు రాయలేదు. ర్యూజోకు ఎదురుగా, అదే ఆకుపచ్చ నీలం నీళ్ల మీద, ఒక అడుగు దూరంలో పెట్టాను. రెండింటి మీదా ఒకటే అక్రిలిక్ మూత ఉంది. సముద్రపు గాలిలో దుమ్ముతోపాటు ఉప్పు కూడా వస్తుంది కాబట్టి మూత లేకుండా మాత్రం ఉంచకండి.